మోగని నిచ్చెనలు

కర్మాగారం ఇల్లు
బుధవారం

వదినగారికి నమస్కారాలు.

మీ చెల్లెలి చివరి రోజు ఎలా గడిచిందో ఏదీ దాచకుండా రాయమన్నారు. రాస్తున్నాను.

తెల్లవారాక లేచింది. జ్వరం లేదు. నీళ్ళు అడిగి రెండు చెంచాలు మింగింది. తల దువ్వమంది. దువ్వడానికి పెద్దగా జుట్టు మిగల్లేదు, అయినా దువ్వాను. "పాపిడి వంకరగా తీశారు" అంది, అద్దం చూడకుండానే.

నర్సు వచ్చి సూదిమందు వేసి వెళ్ళాక కిటికీ తెరవమంది. ఎండ మంచం కాళ్ళ దాకా వచ్చింది. ఎదురుగా నిచ్చెనల షెడ్డు. చాలాసేపు అటే చూసి "ఇవాళ సెలవా? చప్పుడే లేదు" అంది. పని జరుగుతూనే ఉందన్నాను. "ఇంత నెమ్మదిగానా? అక్కకు తెలిస్తే అందరి తోలూ తీస్తుంది" అని నవ్వింది. ఆ రోజు నవ్వింది అదొక్కసారే.

మధ్యాహ్నం మీ ఉత్తరం చదివి వినిపించాను. మీ మోకాలు కోసిన డాక్టరును మీరు తిట్టిన చోటు మళ్ళీ చదవమంది. సాయంత్రానికి ఊపిరి బరువెక్కింది. డాక్టరు వచ్చి చూసి, చేయి పట్టుకుని కూర్చోండి అన్నాడు. కూర్చున్నాను. వీధిలో దీపాలు వెలిగే వేళకు ఆ చేయి చల్లబడింది.

నొప్పి పడలేదు. మీరు అడగబోయేది అదే కాబట్టి రాస్తున్నాను. మీరు రాలేదని కూడా అనుకోలేదు. "అక్క మోకాలు వంగితే కదా బండెక్కడానికి" అంది.

సోమవారం నుంచి పనిలోకి వెళ్తాను. ఇంట్లో చేసేదేమీ లేదు.

మీ మరిది


ఆఫీసు మేడమీద గది
మంగళవారం

మరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. చెవిటిదానితో మాత్రం ఎవరు మాట్లాడతారులే, అదొక సుఖం. ముప్పై ఏళ్ళు నిచ్చెనల మెట్లు నొక్కే ప్రెస్సు పక్కన నిలబడితే చెవులు దానికే సమర్పణం. ఫోన్ చేస్తే నీ మాట నాకు వినపడదు, నా ఏడుపు నీకు వినపడుతుంది. అది నష్టపు బేరం. అందుకని ఆ షెడ్డుకూ ఇంత దూరాన ఉన్న ఈ ఆఫీసుకూ మధ్య మన మాటలు స్పీడు చేతి సంచిలోనే రావాలి, పోవాలి. లారీ డ్రైవరుకు ఆ పేరు పెట్టింది నీ భార్యే కదా, నత్త కూడా హారన్ కొట్టి దాటిపోయేలా నడుపుతాడని.

చిన్నప్పుడు దాన్ని నాన్న షెడ్డులోకి రానిచ్చేవాడు కాదు. గుమ్మంలో కూర్చునేది. నేను చెక్క సుత్తితో ఒక్కో మెట్టూ కొట్టి చూస్తుంటే, అది మోగిన స్వరం పట్టుకుని పాడేది. మోగకపోతే నాలుక బయటపెట్టేది. చెడ్డ నిచ్చెనను నాకన్నా ముందు అదే పట్టేది, రాక్షసి.

ఇక చాలు. నీకు పనే మందు. షెడ్డులో కట్టలు కట్టి ఉన్న సరుకు ఈ నెలలోనే వెళ్ళిపోవాలి. వీధి దీపాల వాళ్ళ ఆర్డరు ఇది. నాన్న పోయాక ఇంత పెద్దది రాలేదు. ఇది చేజారితే షెడ్డుకు తాళం, నలభై ఇళ్ళ పొయ్యిలకూ తాళం. నువ్వు సెలవులో ఉండగానే ఒక లోడు పంపించేశాను. రెండోది నీ చేతి మీదుగా వెళ్ళాలి. తిండి తిను. తినకపోతే స్పీడు నాకు చెప్తాడు, వాడికి బండి నడవదు కానీ నోరు నడుస్తుంది.

వదిన


కర్మాగారం ఇల్లు
శనివారం

వదినగారికి నమస్కారాలు.

సరుకు ఆపాను. కారణం ఇది.

మీకు తెలిసిందే అయినా తప్పు ఎక్కడుందో చెప్పాలంటే మొదటినుంచీ రాయాలి. నిలువు పట్టీకి రంధ్రం. అందులోంచి మెట్టు గొట్టం కొస బయటికి వస్తుంది. ప్రెస్సు ఆ కొసను పువ్వులా విప్పి పట్టీకి అదుముతుంది. నిచ్చెన బలమంతా ఆ అదుములోనే. మన ప్రెస్సులో నూనె బయటికి పోకుండా పట్టే ఆయిల్ సీలు అరిగిపోయింది. ఒత్తిడి రోజురోజుకూ కాస్త కాస్త తగ్గుతూ వచ్చింది. పువ్వు విచ్చింది, బిగియలేదు. కంటికి తేడా తెలియదు.

నిన్న ఒక నిచ్చెనను పక్కకు జరుపుతూ వేలి కణుపుతో తట్టాను. ఖంగుమనాల్సిన మెట్టు దబ్బుమంది. చెక్క సుత్తి తెచ్చి కట్టలన్నీ విప్పించి కొట్టాను. ప్రతి నిచ్చెనలోనూ రెండు మూడు మెట్లు మోగడం లేదు.

అలాంటి మెట్టు ఇవాళ ఆగుతుంది. రేపూ ఆగుతుంది. ఎక్కీ దిగీ కొన్నాళ్ళయ్యాక పట్టు వదిలి గుండ్రంగా తిరుగుతుంది. అప్పుడు దాని మీద ఒక మనిషి కాలు ఉంటుంది.

సీలు మార్చాం. ఇకమీద చేసేవి బాగుంటాయి. చేసినవాటిని తుక్కుకు పంపాలా, మళ్ళీ నొక్కి బాగుచేయవచ్చా అన్నది తేలాలి. మొదటి లోడు సీలు అరగక ముందు చేసిన పాత సరుకు కాబట్టి దాని గురించి భయం లేదు.

మీ మరిది


ఆఫీసు మేడమీద గది
గురువారం

మరిదికి.

తుక్కు అన్నది నాన్న హయాంలో మన షెడ్డులో బూతుమాట. ఆ మాట అన్నవాడికి ఆ రోజు టీ ఉండేది కాదు. సీలు మార్చావు కదా, ప్రెస్సు మంచిదయింది కదా? అదే సరుకును మళ్ళీ దాని కింద పెట్టి నొక్కు. మాసిన చొక్కాను ఉతుకుతామా, తగలబెడతామా?

అది సరే. గంటమ్మ ఏం చేస్తోంది? ఆవిడ సుత్తి తగలకుండా ఒక్క మెట్టయినా షెడ్డు దాటదు కదా. ఆ చెవిని చూసి నాకు ఎంత కుళ్ళో నీకు తెలుసు. గంట కొట్టినట్టు కొట్టి చూస్తుందనే ఆ పేరు వచ్చింది. అంత సరుకు మోగకుండా ఆవిడ ముందునుంచి వెళ్ళిందంటే నిద్రపోయి ఉండాలి, లేకపోతే కొట్టకుండానే ముద్ర వేసి ఉండాలి. ఏదైనా ఒకటే. ఆవిడను ఇంటికి పంపించు. జాలి పడకు. నేనే వచ్చి పంపేదాన్ని, కానీ కుర్చీలోంచి లేవడానికే ఇద్దరు పట్టాలి.

లోడు వచ్చే వారం బయలుదేరాలి.

వదిన


కర్మాగారం ఇల్లు
సోమవారం

వదినగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టు కొన్నింటిని మళ్ళీ నొక్కించాను. అల్యూమినియం మొదటిసారి విప్పినప్పుడే గట్టిపడింది. రెండోసారి నొక్కితే కొన్ని అంచుల్లో వెంట్రుకవాసి పగుళ్ళు వచ్చాయి. కొన్నింటిలో ఏమీ కనపడలేదు. కనపడనివాటికి ఇసుక బస్తాలు వేలాడదీసి ఊపించాం. వాటిలోనూ రెండు తెగాయి.

అసలు ఇబ్బంది అది కాదు. రెండోసారి నొక్కాక అన్నీ మోగుతున్నాయి. పగిలినదీ మోగుతోంది. తెగబోయేదీ ఖంగుమంటోంది. ఏది మంచిదో చెప్పే ఉపాయం మనకు ఇక లేదు. బస్తా కట్టి విరగ్గొట్టి చూస్తే తప్ప తెలియదు. విరిగాక అమ్మేదేముంది?

చొక్కా ఉతికితే మురికి పోయిందో లేదో కంటికి తెలుస్తుంది. ఇక్కడ తెలియదు.

తుక్కుకే పంపాలని నా అభిప్రాయం. గంటమ్మను పంపను.

మీ మరిది


ఆఫీసు మేడమీద గది
శుక్రవారం

ఇంజనీరు గారికి.

మీ అభిప్రాయం అందింది. గంటమ్మను ఎందుకు పంపరో రాయలేదు. అన్నింటికీ కారణాలు రాసే మీరు ఆ ఒక్క ముక్క దగ్గర కలం మూసేశారు. నాకు వినపడదు కానీ, చదవడం వచ్చు.

మా చెల్లెల్ని మీకిచ్చేటప్పుడు నాన్న ఒకటే అన్నాడు: కుర్రాడు తక్కువ మాట్లాడతాడు, అబద్ధం ఆడడు. మాట్లాడకపోవడం కూడా అబద్ధమేనని అప్పుడు నాకు తోచలేదు.

కొనేవాళ్ళ మనిషి నిన్న వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. పలక మీద "సరుకు ఎప్పుడు?" అని రాసి చూపించాడు. నేను "వస్తోంది" అని రాశాను. ఎవరిని కాపాడటానికి నన్ను అలా రాయిస్తున్నారో చెప్పండి. లేదా లోడు ఎక్కించండి. స్పీడు ఖాళీగా వెనక్కి రాకూడదు.

షెడ్డు యజమానురాలు


కర్మాగారం ఇల్లు
ఆదివారం

వదినగారికి నమస్కారాలు.

స్పీడు ఖాళీగానే వస్తున్నాడు. ఈ ఉత్తరం తప్ప ఏమీ ఎక్కించలేదు.

సరుకు ఆపిన రోజే గంటమ్మను పిలిచి అడిగాను. వెళ్ళి తన సుత్తి తెచ్చి బల్ల మీద పెట్టింది. దాని తలకు దుప్పటి పేలికలు మందంగా చుట్టి దారంతో కుట్టి ఉంది.

"ఇదేమిటి?" అన్నాను.

"మీ కిటికీ ఎదురుగానే కదండీ. ఒక్కో దెబ్బకూ అమ్మగారు ఉలిక్కిపడుతున్నారని నర్సమ్మ చెప్పింది."

"చప్పుడు చేయొద్దని నేను అన్నానా?"

"మీరు అనాలా? మాకు లేదా ఆ మాత్రం?"

"మరి మోగకుండా ఎలా తెలిసేది?"

"పట్టీ మీద అరచెయ్యి ఆనించేదాన్ని. బిగువుగా ఉంటే చేతికి జల్లుమంటుంది. తెలుస్తోందనే అనుకున్నానండీ." సుత్తి నా వైపు జరిపి, "తెలియలేదు. మీరు నన్ను తీసెయ్యండి. ఆ గుడ్డ మాత్రం ఎవరికీ చూపించొద్దు. అమ్మగారి వల్ల సరుకు పాడైందంటారు" అంది.

ఒక్క గంటమ్మే కాదు. గొట్టాలు దించే చోట గోనెసంచులు పరిచారు. మోసేవాళ్ళు చెప్పులు విడిచి నడిచారు. ఒకరినొకరు కేకేసుకోకుండా చేతులతో సైగలు చేసుకున్నారు. మీ చెల్లెలు మంచాన పడ్డ దగ్గర్నుంచి పోయేదాకా షెడ్డంతా అలాగే పనిచేసింది. కిటికీ పక్కనే కూర్చుని నేను గమనించలేదు. ఆమె గమనించింది.

మీకు ముందే రాయకపోవడానికి కారణం గంటమ్మ కాదు. మీ దుఃఖం మీద ఈ బరువు కూడా వేయడం ఇష్టం లేకపోయింది.

మీ మరిది


ఆఫీసు మేడమీద గది
బుధవారం

మరిదీ,

నీ ఉత్తరం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. టీ మీద మీగడ కట్టింది.

చెప్పులు విడిచి నడిచారా? ఆ పోట్లగిత్తలు! జీతాల రోజున నా గది తలుపు విరగ్గొట్టేంత గోల చేసేవాళ్ళు! నా చెల్లెలు నిద్రపోవాలని సైగలు చేసుకున్నారా? నేను పక్కన ఉండి చేయలేనిది వాళ్ళు చేశారు. గంటమ్మను నేను అన్న మాటలకు నా నాలుక కోసుకోవాలి. ఆ మాట ఆవిడకు చెప్పు. వద్దు, నేనే చెప్తాను.

కానీ ఒకటి అడుగుతున్నాను. ఆ నిచ్చెనలు కత్తిరించకు. ఆర్డరు కోసం కాదు. ఆర్డరు గంగలో కలవనీ. అంతమంది ఊపిరి బిగబట్టి దాని కోసం చేసిన వస్తువులవి. దానికి మిగిలిన మర్యాద అది. వాటిని రంపం కింద ఎలా పెడతావు? మళ్ళీ నొక్కడం కుదరకపోతే మెట్టు మెట్టుకూ అడ్డంగా రివెట్టు మేకు కొట్టించు. ఎంత పనైనా పట్టనీ. నువ్వు మనసు పెడితే దారి దొరుకుతుంది. నీకు దానిమీద ప్రేమ లేదని నేను అనను. కానీ నీ ఉత్తరాల్లో ఎక్కడా ఒక్క కన్నీటి చుక్క మరక లేదు. అదేం గుండెరా నాయనా!

అయినా ఇంత భయమెందుకు? వెళ్ళినవాటి మీద ఇన్నాళ్ళుగా ఎక్కుతూనే ఉన్నారు, ఒక్కడైనా పడ్డాడా?

వదిన


కర్మాగారం ఇల్లు
శుక్రవారం

వదినగారికి.

రివెట్టు కొట్టి చూశాను. పట్టీకి ఇంకో రంధ్రం పడుతుంది, ఉన్న రంధ్రానికి అంగుళం దూరంలో. బస్తా వేస్తే మెట్టు నిలిచింది, పట్టీ చీలింది.

వాళ్ళ మంచితనం నాకు తెలుసు. దానికి నేను బతికున్నంతకాలం రుణపడి ఉంటాను. అది మెట్టును బిగించదు.

కాగితం మీద కార్చితే అక్షరాలు చెదురుతాయి. చదవలేరు.

"వెళ్ళినవి" అని రాశారు. మొదటి లోడు పాత సరుకు కాదా? కాకపోతే ఎక్కడికి వెళ్ళింది? స్పీడును అడిగాను. "పెద్దమ్మగారు చెప్పొద్దన్నారు" అని బండి కిందికి దూరి, చెడిపోనిది బాగుచేస్తున్నాడు. వాడిని అక్కడే నిలబెట్టి జవాబు రాసి పంపండి. నెమ్మదిగా నడపవద్దని కూడా చెప్పండి.

మీ మరిది


ఆఫీసు మేడమీద గది
శనివారం

మరిదీ,

పాత సరుకు ఎప్పుడో అయిపోయింది. నా మోకాలు కోయడానికి తీసుకెళ్ళే ముందు, షెడ్డులో సిద్ధంగా ఉన్నవి ఎక్కించమని చెప్పాను. నువ్వు దాని మంచం పక్కన ఉన్నావు. నిన్ను అడగలేదు, అడిగే వేళ కాదు. అప్పటికి నాకూ ఏమీ తెలియదు.

నువ్వు "మొదటి లోడు గురించి భయం లేదు" అని రాసినప్పుడు తెలిసింది, వెళ్ళినవీ ఆ చెడ్డవేనని. అయినా నోరు మూసుకున్నాను. వెనక్కి తెమ్మంటే ఆ ఆర్డరే కాదు, నాన్న పేరు కూడా వెనక్కి వస్తుంది. రెండో లోడు మంచిది పంపి, మొదటిది మెల్లగా మార్చేద్దాం, ఈలోగా ఏమీ కాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఉదయం లేచిన ప్రతిసారీ కొనేవాళ్ళ మనిషి పలక పట్టుకుని వస్తాడేమోనని గుమ్మం వైపు చూసేదాన్ని. "పడ్డాడు" అని రాస్తాడేమోనని.

నువ్వు మాట్లాడకపోవడం అబద్ధమని తిట్టాను. ఆ తిట్టు నన్ను నేనే తిట్టుకున్నాననుకో.

నది అవతలి పట్నంలో వీధి దీపాల డిపో. పాత నీళ్ళ ట్యాంకు వీధి. డిపో అధికారికి నా సంతకంతో ఉత్తరం ఇందులో పెట్టాను. సరుకంతా వెనక్కి తీసుకుంటామని, మంచిది చేసి ఇస్తామని, వద్దంటే ఆర్డరు వదులుకుంటామని రాశాను. షెడ్డులోవి కత్తిరించు. నేను అడ్డు చెప్పను. ఎంత త్వరగా వెళ్తే అంత మంచిది.

గంటమ్మను వెంట తీసుకెళ్ళు. ఆవిడ చెవి కావాలి.

వదిన


డిపో ఎదురుగా లాడ్జి గది
ఆదివారం సాయంత్రం

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందిన గంటకు బయలుదేరాం. స్పీడు మొదటిసారి పేరుకు తగ్గట్టు నడిపాడు. వంతెన మీద గంటమ్మ కళ్ళు మూసుకుని "నాయనా, నిచ్చెన మీంచి పడేవాడిని కాపాడటానికి వెళ్తూ మనం నదిలో పడొద్దు" అని మొత్తుకుంది.

బయలుదేరే ముందు షెడ్డులో అందరినీ పిలిచి కత్తిరింపు మొదలుపెట్టమన్నాను. ఎవరూ కదల్లేదు. మొదటి నిచ్చెన నేను రంపం కింద పెట్టాను. రెండోది గంటమ్మ అందించింది. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఈసారి చప్పుడు ఎవరూ తగ్గించలేదు.

ఇక్కడికి చేరేసరికి డిపో మూసి ఉంది. ఆదివారం సెలవు. కాపలామనిషి ఒక్కడే ఉన్నాడు. అధికారి ఇల్లు అడిగితే తెలియదన్నాడు. ఫోన్ నంబరు అడిగితే "నంబరు ఇచ్చేంత గొప్పవాణ్ణని నన్ను అనుకోలేదండీ ఆయన" అన్నాడు. నిచ్చెనలు చెడ్డవి, ఎవరినీ ఎక్కనివ్వొద్దు అన్నాను. "ఇన్నాళ్ళూ ఎవరూ పడలేదే?" అన్నాడు.

"పడ్డాక చెప్పడానికి ఇంత దూరం రానక్కర్లేదు కదా" అంది గంటమ్మ. అతను లోపలికి రానిచ్చాడు.

నిచ్చెనలు గోడకు చేర్చి ఉన్నాయి. గంటమ్మ గుడ్డ విప్పేసిన సుత్తితో కొట్టింది. మొదటిదాంట్లోనే మూడో మెట్టు దగ్గర ఆగి చేత్తో పట్టుకుని తిప్పింది. తిరిగింది. కాపలామనిషి తానూ తిప్పి చూశాడు. "మొన్న నేనే ఎక్కానమ్మా దీన్ని, పిచ్చుక గూడు తీయడానికి" అన్నాడు. కాసేపటికి అధికారి నంబరు అతనికి గుర్తొచ్చింది. ఆయన ఫోన్ ఎత్తలేదు.

ఒక నిచ్చెన డిపోలో లేదు. ఒక పని జట్టువాళ్ళు దాన్ని పెద్ద కూడలిలో దీపస్తంభానికి గొలుసుతో కట్టి వదిలేశారు, రోజూ మోయడం ఎందుకని. తాళంచెవి ఆ జట్టు మేస్త్రీ దగ్గర ఉందట. వెళ్ళి చూశాం. కింది మెట్లకు అడ్డంగా తాడు చుట్టి, "ఎక్కవద్దు" అని అట్ట మీద రాసి కట్టాను. అట్టను నమ్మనని గంటమ్మ, స్పీడు అక్కడే లారీ అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. గంటమ్మ దారినపోయేవాళ్ళందరికీ ఆ నిచ్చెన సంగతి చెబుతోంది. మన పేరుతో సహా. ఆపబోయాను, తర్వాత ఆపలేదు.

నేను ఈ గదికి వచ్చాను. కిటికీలోంచి గేటు కనిపిస్తుంది. మంచం ఒక్కరికి సరిపడేది. ఇద్దరి గది కావాలా అని లాడ్జివాడు అడిగితే, అవునన్నాను. వెంటనే సరిదిద్దుకున్నాను. ఇది మీకు రాయకపోయినా పోయేది.

ఆర్డరు పోతుంది. షెడ్డు సంగతి తర్వాత ఆలోచిద్దాం. మీకు, నాకు, నలభై ఇళ్ళకూ అది కష్టమే. నేను తేలిగ్గా తీసుకోవడం లేదు.

పని జట్లు తెల్లవారగానే వస్తాయట. రేపు పొద్దున గేటు తెరవక ముందే అక్కడ నిలబడతాను. ఎవరూ నిచ్చెన భుజానికెత్తుకోక ముందు మీ ఉత్తరం అధికారికి ఇస్తాను. ఆయన కారణం అడుగుతాడు. ప్రెస్సు సీలు అరిగింది, మేము సరిగా చూడలేదు అని చెబుతాను. అంతవరకే చెబుతాను. మీ చెల్లెలి మాట ఎత్తను.

మీ మరిది